డాక్టర్ సలహా: భార్య పోయిన దుఃఖానికి మాత్రలెందుకు?

ప్రశ్న: నా వయసు 61. రిటైరైన తెలుగు పండితుణ్ని, ఆదోనిలో ఉంటాను. ఎనిమిది నెలల క్రితం నా భార్య రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయింది. గడ్డ తగులుతోందని ఆమె చెప్పినప్పుడు ‘నొప్పి లేదు కదా, చూద్దాంలే’ అన్నాను. నాలుగు నెలలు గడిచిపోయాయి. ఇప్పుడు ఆ మాటే నన్ను తినేస్తోంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. అన్నం సయించక ఏడు కిలోలు తగ్గాను. గురువారాలు ఇద్దరం మంత్రాలయం వెళ్లేవాళ్లం. ఇప్పుడు గుడి మెట్టు ఎక్కబుద్ధి కావడం లేదు. బంధువులేమో పూర్వజన్మ కర్మ అంటున్నారు. మా అబ్బాయి మానసిక వైద్యుడికి చూపిస్తే మాత్రలు రాశారు, నేను వేసుకోలేదు. భార్య పోయిన దుఃఖానికి మాత్రలేమిటి? ఒక్కోసారి తెల్లవారకపోతే బాగుండుననిపిస్తోంది.

జవాబు: మాస్టారూ, మీ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. ఆ ఆలోచనను ఒక్కరే మోయకండి, ఈ రోజే అబ్బాయితో చెప్పండి. అది చనిపోవాలనే దాకా వెళ్తోందా అన్నది డాక్టరు దగ్గర దాచవద్దు. పొలం ఉంటే పురుగుమందులు ఇంట్లో ఉంచకండి. అర్ధరాత్రి ఎవరితోనూ మాట్లాడలేని పరిస్థితి వస్తే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ ప్రశ్న. దుఃఖానికి మాత్ర లేదు, ఆ మాటలో మీరే సరి. ఆమె గుర్తొచ్చి ఏడుపు రావడం, పండగ పూట ఇల్లు బోసిపోవడం, వంటింట్లోంచి ఆమె పిలిచినట్లు అనిపించడం ఇవేవీ జబ్బు లక్షణాలు కావు. కానీ తెల్లవారుజాము మెలకువ, సయించని అన్నం, తగ్గిన బరువు, అన్నిటికీ నేనే కారణమనే నింద, బతకాలనిపించకపోవడం కలిసి వచ్చినప్పుడు డిప్రెషన్ అని అనుమానించాల్సిందే. మాత్రలు దానికి. అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. డిప్రెషన్ మాత్రలు వ్యసనంగా మారవు, అయితే సొంతంగా హఠాత్తుగా మానకూడదు. వాటితో పాటు నిద్రమాత్ర కూడా రాసి ఉంటే దాన్ని ఎన్నాళ్లు వాడాలో అడగండి. ఇంత బరువు తగ్గారు కాబట్టి థైరాయిడ్, షుగర్ పరీక్షలతో పాటు ఒకసారి పూర్తిగా ఒళ్లు చూపించుకోండి.

ఆరు నెలలు దాటినా ఏమాత్రం సడలకుండా రోజువారీ బతుకును ఆపేసే శోకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు విడిగా గుర్తిస్తోంది. దానికి మాత్రల కన్నా, శోకం కోసమే రూపొందిన కౌన్సెలింగ్ ఎక్కువ మేలు చేస్తుంది. మీకు రెండూ అవసరం కావచ్చు.

‘ఎందుకిలా జరిగింది’ అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మంచి కౌన్సెలర్ కూడా మీ భార్య మరణానికి ఇదీ అర్థమని చెప్పరు, చెప్పకూడదు. వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ 1942 నుంచి 1945 దాకా నాజీ శిబిరాల్లో బందీగా ఉన్నారు. తల్లిదండ్రులను, సోదరుణ్ని, భార్యను పోగొట్టుకున్నారు. బాధలోనూ బతుక్కి అర్థం వెతుక్కోవచ్చని నమ్మి, దాని మీదే లోగోథెరపీ అనే చికిత్సను నిలబెట్టారు. ఆ అర్థాన్ని వైద్యుడు చేతికివ్వలేడు, బాధపడే మనిషే కనుక్కోవాలి అన్నారు. తప్పించుకోగల బాధను ఊరికే భరించడంలో గొప్పతనం లేదని కూడా ఆయనే అన్నారు. మాత్ర వేసుకుంటే పోయినవారికి ద్రోహం చేసినట్లని బాధపడేవారికి నేను చెప్పేది ఈ రెండో మాటే.

కర్మ గురించి వాదించను, అది మీ విశ్వాసం. కానీ శోకంలో ఉన్న మనిషి ముఖం మీద దాన్ని తీర్పులా పలకడం క్రూరం. గీత మీకు నేను చెప్పనక్కర్లేదు. మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. కృష్ణుడి బోధ రెండో అధ్యాయంలో గానీ మొదలుకాదు. మన బంధువులకు పదకొండో రోజు దాకా కూడా ఓపిక ఉండదు.

ఆ నాలుగు నెలల సంగతి. నొప్పి లేని గడ్డను చాలా కుటుంబాలు మీలాగే తేలిగ్గా తీసుకుంటాయి. ఆలస్యం వల్ల ఏం మారి ఉండేదో రిపోర్టులు చూడకుండా ఎవరూ చెప్పలేరు, ఒక్కోసారి చూసినా చెప్పలేరు. అడగాలని ఉంటే ఆ కాగితాలు తీసుకుని, ఆమెకు వైద్యం చేసిన డాక్టరును ఒకసారి కలవండి. ఆయన ‘ముందే వచ్చి ఉంటే తేడా ఉండేదేమో’ అన్నా, ఆ రోజు మీకు తెలిసింది నొప్పి లేదన్న సంగతి ఒక్కటే. ఈ రోజు తెలిసినదాన్ని పట్టుకుని ఆనాటి మిమ్మల్ని శిక్షిస్తున్నారు. కౌన్సెలింగ్‌లో ముందుగా మాట్లాడాల్సింది దీని గురించే.

మంత్రాలయం వెళ్లాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. దేవుడి మీద కోపం వస్తే రానివ్వండి, భక్తులకు అది కొత్త కాదు. ఎప్పుడైనా వెళ్లాలనిపిస్తే, మాత్రలు వేసుకుంటున్నాను కదా అని ఆగనక్కర్లేదు. అక్కడికి వెళ్లి మనసు తేలికపడినంత మాత్రాన మాత్రలు మానేయనూ వద్దు.

ఈ వారంలోనే అబ్బాయితో కలిసి ఆ డాక్టరు దగ్గరకే వెళ్లండి. ఆయనతో మాట్లాడటం కుదరలేదనిపిస్తే కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంకొక్క విషయం, మీకు కూతురు ఉంటే తల్లికి ఏ వయసులో ఈ జబ్బు బయటపడిందో తన డాక్టరుకు చెప్పి, పరీక్షలు ఎప్పటి నుంచి చేయించుకోవాలో కనుక్కోమనండి.