ఆకాశం ఎందుకు తెల్లబోయింది?

ప్రశ్న: 1850ల్లో పారిస్‌లోని లూవ్ర్ భవనం శిల్పాలకు తీసిన ఫొటోల్లో రాతి మడతలు అంత స్పష్టంగా ఉన్నా, ఆకాశం ఖాళీగా ఉంటుందెందుకు?

జవాబు: కొత్త లూవ్ర్ కట్టడాన్ని, దాని శిల్పాలను 1855 నుంచి వరసగా ఫొటోలు తీసినవాడు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఎదువార్ బాల్డస్. అప్పటి తడి కొలోడియన్ (గాజు మీద పోసే జిగట ద్రావణం) గాజుపలక నీలి కాంతికి త్వరగా లొంగుతుంది, పసుపు రాయికి నిదానంగా. రాయికి సరిపడా ఎక్స్‌పోజర్ (పలక మీద కాంతి పడనిచ్చే సమయం) ఇచ్చేసరికి నెగటివ్‌లో ఆకాశం నల్లబడిపోతుంది, ప్రింటులో తెల్లగా దిగుతుంది.

పలక మీద కొలోడియన్ పోసి, కాంతికి స్పందించేలా సిల్వర్ నైట్రేట్‌లో సుమారు 3 నిమిషాలు ముంచి, పది నిమిషాల్లోపే ఫొటో తీసి డెవలప్ చెయ్యాలి. ఎండాకాలం ఆ వ్యవధీ దొరకదు. పొర ఆరితే డెవలపర్ (బొమ్మను కనిపించేలా చేసే ద్రావణం) సమంగా ఇంకదు, మచ్చలే మచ్చలు. మబ్బు రోజు శిల్పం చప్పగా పడుతుంది. పక్కనుంచి పడే ఎండే మేలు. ఆకాశంలో మరకలుంటే నెగటివ్ మీద రంగు పూసి కప్పేసేవారు కూడా!