ట్రైలర్ లోపలికి పోయింది, బయటికి రానంది

అడిగిన ప్రశ్న: "మేం కొనబోయే ట్రావెల్ ట్రైలర్ మా కార్‌పోర్ట్ బీమ్ కంటే 3 అంగుళాలు ఎత్తు. టైర్లలో గాలి తగ్గించి లోపల పెట్టుకోవచ్చా? లేక కార్‌పోర్టే ఎత్తించాలా?" (ట్రావెల్ ట్రైలర్ అంటే ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు. కార్‌పోర్ట్ అంటే స్తంభాల మీద కప్పు వేసిన బండి షెడ్డు, బీమ్ దాని ముందు పైన ఉండే అడ్డదూలం.)

గాలి తీసేయమని ఇప్పటికే నలుగురు జవాబు రాశారు. వంతెన కింద లారీ ఇరుక్కోవడం, ఇంజినీర్లు తలలు పట్టుకోవడం, మేకలు కాసే కుర్రాడొచ్చి "గాలి తీసేయండి సార్" అనడం. మనందరం బళ్లో విన్న కథే. ఆ నలుగురిలో ఒక్కరింట్లోనైనా ట్రైలర్ ఉందా అని నా అనుమానం. ఆ లారీ వంతెన కింద నుంచి ఒక్కసారి బయటపడితే చాలు. మీరు ఏడాదికి పది సార్లు తియ్యాలి, పది సార్లు పెట్టాలి. పెట్టడం ఎలాగో చాలామంది చెబుతారు. తియ్యడం గురించి నేను చెబుతాను, ఎందుకంటే మాది లోపలికి సుబ్బరంగా పోయి బయటికి రానని మొండికేసింది.

మాది డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో 1970ల నాటి ఇల్లు. ఇక్కడి పాత ఇళ్లు చాలావాటికి వెనకవైపు సందు ఉంటుంది, బండ్లు అటునుంచే లోపలికి వస్తాయి. మాకంటే ముందు ఉన్నాయన తన బోటు కోసం వెనకాల చెక్కతో ఎత్తైన కార్‌పోర్ట్ కట్టించుకున్నాడు. ఆ ఇల్లు కొనడానికి సగం కారణం అదే అంటే మా ఆవిడ ఒప్పుకోదు గానీ, నిజం. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వచ్చిందంటే వడగళ్లు ఎప్పుడు పడతాయో తెలీదు. నిమ్మకాయంత గడ్డలు పడితే ట్రైలర్ పైన ఏసీ కవరు, వెంట్ల ప్లాస్టిక్ మూతలు ఏవీ మిగలవు. వేసవిలో ఎండ సంగతి సరేసరి. కాబట్టి "చూరు ఎందుకు, టార్పాలిన్ కప్పు చాలు" అనేవాళ్లతో నాకు వాదన లేదు. వాళ్లు ఇంకా ఇన్సూరెన్స్ క్లెయిమ్ చెయ్యలేదంతే.

2021లో 25 అడుగుల ట్రైలర్ కొన్నాం, సెకండ్ హ్యాండ్. దాని బ్రోచర్‌లో ఎత్తు 10 అడుగుల 1 అంగుళం అని ఉంది. నేను టేపు తీసుకెళ్లి కార్‌పోర్ట్ స్తంభం పక్కన నిలబడి బీమ్ అడుగు దాకా కొలిచాను. 10 అడుగుల 5 అంగుళాలు. నాలుగు అంగుళాల సందు! ఇంకేం కావాలి? అక్టోబర్‌లో ఓక్లహామాలోని బీవర్స్ బెండ్ పార్కు నుంచి తిరిగొచ్చి, రాత్రి తొమ్మిదింటికి, సెల్‌ఫోన్ లైటు వెలుగులో రివర్స్ చేసి పెట్టేశాను. ఎక్కడా తగల్లేదు. నా డ్రైవింగ్ గురించి మా ఆవిడ దగ్గర ఓ పది నిమిషాలు చెప్పుకున్నాను కూడా.

ఏప్రిల్‌లో మా అత్తగారు, మావయ్యగారు ఆరు నెలలకని వచ్చారు. మావయ్యగారు ఆర్టీసీలో కండక్టర్‌గా 31 ఏళ్లు చేసి రిటైరయ్యారు. వాళ్లకి టెక్సస్‌లోనే ఉన్న పాలో డ్యూరో కాన్యన్ అనే పెద్ద లోయ చూపిద్దామని బయల్దేరాం. ముందు రోజు శ్రద్ధగా నాలుగు టైర్లకీ 65 పీఎస్ఐ గాలి కొట్టాను. శుక్రవారం పొద్దున ట్రక్కుకి తగిలించి మెల్లగా లాగడం మొదలుపెట్టాను. మావయ్యగారు వెనకాల నిలబడి ట్రైలర్ ఒంటి మీద రెండు సార్లు చరిచి "రైట్, రైట్!" అన్నారు. ఆయన కుడి పక్క గోడ చూస్తున్నారు. మా ఆవిడ ఎడమ పక్క స్తంభం చూస్తోంది. పైకి చూసేవాడు లేడు.

ఒక ఏడెనిమిది అడుగులు వచ్చాక, వేయించిన అప్పడాన్ని గుప్పెట్లో పెట్టి నలిపినట్టు ఓ చప్పుడు. వెంటనే "హోల్డాన్! హోల్డాన్!" అని కేక. అద్దంలో చూస్తే మావయ్యగారు రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు, అచ్చం బస్టాండులో లాగే.

ఏసీ కవరు ముందు అంచు బీమ్‌కి కొట్టుకుని పగిలింది. అడుగు వెనక్కి తీశాను. పైకెక్కి కవరు విప్పేద్దామంటే ట్రైలర్ పైకప్పుకీ షెడ్డు చూరుకీ మధ్య మనిషి దూరే చోటు లేదు. పక్క నుంచి నిచ్చెన వేస్తే ఏసీ నడిమధ్యన ఉంటుంది, చెయ్యి అందదు. నాకప్పుడు పద్మవ్యూహంలో అభిమన్యుడు గుర్తొచ్చాడు. ఆయనకి కనీసం యుద్ధం అన్న సాకైనా ఉంది.

సరే, నేనూ ఆ మేకల కుర్రాడి దారే పట్టాను. గాలి తీద్దామని వంగి వాల్వు మూత విప్పుతుంటే మావయ్యగారు ఆపారు. "అల్లుడుగారూ, గాలి తీస్తే మళ్లీ ఎవరు కొడతారు? ఖాళీ బస్సు ఎత్తుగా ఉంటుంది. నిండితే అదే కిందికి దిగుతుంది. సంక్రాంతికి మా బండి మెట్టు నేలకి రాసుకునేది."

ముందు నీళ్ల ట్యాంకు నింపాం. 40 గ్యాలన్లు, అంటే దాదాపు 330 పౌండ్లు. సరిపోలేదు. ఇంకో అర అంగుళం కావాలి. నేను అడిగేదాకా ఆగకుండా మావయ్యగారు సందులోకి వెళ్లి పక్కింటి మెక్సికన్ తాతనీ, ఆయన ఇద్దరు కొడుకుల్నీ తీసుకొచ్చేశారు. ఏ భాషలో పిలిచారో ఇప్పటికీ నాకు తెలీదు. ఇటు పక్క మా తెలుగువాళ్లు ఇద్దరు, మా అత్తగారు, మా ఆవిడ, చివరికి కొరియర్ తెచ్చిన కుర్రాడు. మొత్తం ఎనిమిది మంది. మావయ్యగారికి ఇంకా ఎక్కించాలనే ఉంది. తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్ మీద సామాను పరిమితి 1,700 పౌండ్లు అని ఉండబట్టి నేనే లెక్కేసి ఆపాను. ఆయన తలుపు దగ్గర నిలబడి, గొంతులో అదే పాత దర్జా: "ముందుకి జరగండి, ముందుకి జరగండి! లోపల అంతా ఖాళీయే!" మెక్సికన్ తాతకి అర్థమైంది, జరిగాడు.

ఒక్కటి చెప్పాలి. రోడ్డు మీద ట్రైలర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి లాగకూడదు, మీరెవరూ అలా చెయ్యకండి. మాది మా పెరట్లో ఐదారడుగులు, నడకకంటే నెమ్మదిగా. నిచ్చెన మీద నుంచి ఈసారి ఇంకొకాయన పైకి చూస్తున్నాడు. ఏసీకీ బీమ్‌కీ మధ్య ఓ పెన్సిల్ పట్టేంత సందుతో బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అత్తగారు ఆ ఎనిమిది మందికీ ఉప్మా పెట్టారు. పాలో డ్యూరో ప్రయాణం మర్నాటికి వాయిదా పడింది.

తర్వాత తీరిగ్గా కొలిచాను. మా ఊళ్లో ఇల్లు కడుతున్నప్పుడు మేస్త్రీ చేసినట్టే. ఏసీ మీద అడ్డంగా ఓ పొడవాటి చెక్క పెట్టి, దాని మీద రసమట్టం పెట్టి సమం చేసి, చెక్క కొస నుంచి నేలకి టేపు. ఖాళీ ట్రైలర్, టైర్లు నిండుగా: 10 అడుగుల 5 అంగుళాలు. బ్రోచర్‌కి నాలుగు అంగుళాలు తేడా! ఆ బ్రోచర్‌లో ఎత్తు ఏసీతో కలిపా, ఏసీ లేకుండానా అని ఎక్కడా రాయలేదు. అమ్మినవాణ్ణి అడిగితే "మోడల్‌ని బట్టి మారుతుంది సార్" అన్నాడు. కొన్నది ఏ మోడలో వాడికి తెలుసు కదా!

ఇక బీమ్. స్తంభం పక్కన 10 అడుగుల 5 అంగుళాలే. కానీ ఏసీ పోయేది స్తంభం పక్కన కాదు, మధ్యలో. ఇన్నేళ్లకి ఆ చెక్క మధ్యలో కాస్త కుంగింది. అక్కడ 10 అడుగుల నాలుగుంపావు అంగుళాలే ఉంది. అంటే అక్టోబర్‌లో మేం నీళ్లతో, సామానుతో, గాలి దిగిన టైర్లతో వచ్చాం కాబట్టి పావు అంగుళంలో దూరిపోయాం. లోపల పెట్టాక నీళ్లు వదిలేశాను, ఫ్రిజ్ ఖాళీ చేశాను, సామానంతా దించేశాను. బరువు తగ్గి స్ప్రింగులు లేచాయి. ఆపైన శ్రద్ధ ఎక్కువై గాలి కొట్టాను. దూరేటప్పుడు ఒక ట్రైలర్, బయటికొచ్చేటప్పుడు ఇంకో ట్రైలర్ అన్నమాట.

మీ 3 అంగుళాల సంగతికొస్తాను. ముందు ఆ 3 ఎక్కడిదో చూడండి. బ్రోచర్‌దైతే దాన్ని చింపెయ్యండి. ట్రైలర్ పూర్తిగా ఖాళీగా, టైర్లు నిండుగా ఉన్నప్పుడు కొలవండి. బీమ్‌ని మధ్యలో కొలవండి. అసలు తేడా అప్పుడు తెలుస్తుంది. నా లెక్కలో కనీసం రెండు అంగుళాల సందు మిగలాలి.

గాలి మాట మర్చిపోండి. నేను కొలిచి చూశాను, 65 నుంచి 35కి దించితే ట్రైలర్ దిగింది అర అంగుళం. దానికోసం నాలుగు టైర్లకి ప్రతిసారీ గాలి తీసి, మళ్లీ ఆ చిన్న పంపుతో ఒక్కో దానికి అరగంట కొట్టుకుంటూ కూర్చుంటారా? పైగా ట్రైలర్ టైరు తక్కువ గాలితో బరువు మోస్తే పక్కలు నలిగి పాడవుతాయి. అది హైవే మీద పగిలితే చక్రం పైన ఉన్న రేకు కూడా చీల్చుకుపోతుంది. చిన్న టైర్లు వేయించమని ఒకాయన రాశాడు. టైరు వ్యాసం రెండు అంగుళాలు తగ్గితే ట్రైలర్ తగ్గేది ఒక్క అంగుళం, మోసే బరువూ తగ్గుతుంది. యాక్సిల్‌ని స్ప్రింగు కింద నుంచి పైకి మార్చేస్తే ఐదు అంగుళాల దాకా దిగుతుంది, నిజమే. కానీ చక్రాలు పైన తగులుతాయి, తోక ప్రతి గతుకులోనూ నేలని దున్నుతుంది. అలాంటి పని సంగతి పెరట్లో బోల్టులు విప్పేవాళ్లని కాదు, యాక్సిల్ షాపువాణ్ణి అడగండి.

అంగుళమో అంగుళంన్నరో అయితే ఇంకో కిటుకుంది. ఏసీ సాధారణంగా చక్రాల కంటే కాస్త ముందుకి ఉంటుంది. ట్రక్కు వెనక ట్రైలర్‌ని తగిలించే బాల్ ఉండే కడ్డీని ఇంకా కిందికి ఉండేది వేసుకుంటే ట్రైలర్ ముక్కు వంగుతుంది, ఏసీ కూడా దిగుతుంది. మాదాంట్లో ఏసీ చక్రాలకి 3 అడుగుల ముందుంది, కొక్కెం 14 అడుగుల ముందుంది. కాబట్టి ముక్కు 5 అంగుళాలు దిగితే ఏసీ సుమారు 1 అంగుళం దిగుతుంది. మావయ్యగారు "ముందుకి జరగండి" అన్నది అలవాటు కొద్దీ అన్నా, లెక్క ప్రకారం కూడా సరైనదే. ఆయనకీ మాట చెప్పినప్పుడు "నాకు ముందే తెలుసు" అన్నారు. అయితే ముక్కు దిగితే తోక లేస్తుంది, వెనక ఉన్న యాంటెన్నా చూసుకోండి. ఆ కిటుకుని పెరట్లోనే వాడండి, హైవే మీద ట్రైలర్ సమంగా ఉండాలి.

కార్‌పోర్ట్ ఎత్తించడానికి నేనూ ముగ్గుర్ని పిలిచాను. ఇద్దరు చెప్పిన ధరకి ఇంకో ట్రైలర్ వస్తుంది. మూడోవాడు చవగ్గా చేస్తానన్నాడు గానీ పర్మిట్ మాటెత్తితే ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎత్తు పెరిగితే గాలికి చూరు లేచిపోయే ప్రమాదమూ పెరుగుతుంది, పునాది దాకా చూసుకోవాలి. మీ ఇంటికి హెచ్‌ఓఏ, అంటే కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం, ఉంటే అది వేరే పురాణం. మా ఫ్రెండుకి ట్రైలర్ రోడ్డు మీదికి కనిపిస్తోందని మూడు ఉత్తరాలొచ్చాయి. ఎదురింటాయన గరాజ్ ముందు రెండేళ్ల నుంచి కదలని కారుకి మాత్రం ఒక్కటీ రాలేదు.

నేను చివరికి చేసింది ఏసీ మార్చడం. ఎలాగూ కవరు పగిలింది. పాతది పైకప్పు మీద 13 అంగుళాలు లేచి ఉండేది. తక్కువ ఎత్తు మోడల్ తెచ్చాను, తొమ్మిదిన్నర. మూడున్నర అంగుళాలు అక్కడే కలిసొచ్చాయి. పైకప్పుకి ఉండే కన్నం సాధారణంగా 14కి 14 అంగుళాలే కాబట్టి ఏ కంపెనీదైనా పడుతుంది. నేనూ, ఓ ఫ్రెండూ, ఒక ఆదివారం. కష్టం అంతా వంద పౌండ్ల దాన్ని నిచ్చెన మీదుగా పైకి చేర్చడంలోనే. కింద రబ్బరు గాస్కెట్‌ని నాలుగు బోల్టులతో సమంగా బిగించాలి, లేకపోతే మొదటి వానకే లోపల పరుపు తడుస్తుంది. మీ తేడా నిజంగా 3 అంగుళాలే అయితే ఒక్క ఏసీతో అర అంగుళమే మిగులుతుంది, రెండు అంగుళాలకి అది చాలదు. ఏసీతో పాటు ముక్కు కూడా దించాల్సిందే. అసలు ఇంకా కొనలేదు కదా, షోరూంలోనే చెక్కా, రసమట్టం, టేపు పట్టుకెళ్లి కొలవండి. సేల్స్‌వాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

మావయ్యగారు వెళ్లే ముందు దిష్టి తగిలిందని బీమ్‌కి మధ్యలో నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. మా ఆవిడ వద్దంది, నేనే ఉంచాను. దారం పొడవు సరిచేసి, చివరి మిరపకాయ బీమ్‌కి రెండు అంగుళాలు కిందికి వేలాడేలా కట్టాను. ఎండిపోయినప్పుడల్లా మారుస్తాను. ట్రైలర్ తీసేటప్పుడు మా అబ్బాయి పక్కన నిలబడి ఆ మిరపకాయనే చూస్తుంటాడు. అది కదిలితే వాడు కూడా "హోల్డాన్!" అనే అరుస్తాడు, తాతగారి దగ్గర నేర్చుకున్నాడు.