ఛార్జింగ్ ప్లగ్ నల్లబడితే ముందుగా గోడ సాకెట్‌ను చూడండి

హనుమకొండలో మీ ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్ ప్లగ్ వేడెక్కి నల్లబడిందని, దీనికంటే పెట్రోలు కారే నయమా అని అడిగారు. ప్లగ్ నల్లబడటానికి కారణం చాలావరకు బ్యాటరీ కాదు, గోడ సాకెట్ వెనుక వదులైన వైరు బిగింపు. అలాంటి సాకెట్‌పై గీజరు వాడితే అది పావుగంటలో ఆగిపోతుంది. కారు మాత్రం రాత్రంతా దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది కనుక ఆ వదులు చోట వేడి పేరుకుపోతుంది.

1. వెంటనే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపే స్విచ్) దించండి. ఆ సాకెట్‌ను మళ్లీ వాడవద్దు. ప్లగ్ పిన్నులు కాలి ఉంటే సర్వీస్ సెంటర్‌లో మార్పించండి, లేకపోతే కొత్త సాకెట్ కూడా కాలుతుంది.

2. చాలామంది సాకెట్ మార్చి ఊరుకుంటారు, వెనుక వైరును చూడరు. మెయిన్ బోర్డు నుంచి కారు కోసమే విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి తగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ వేయించండి. వేడికి స్క్రూలు వదులవుతాయి కాబట్టి, కొన్ని వారాల తర్వాత కరెంటు ఆపించి ఎలక్ట్రీషియన్ చేత వాటిని మళ్లీ బిగింపించడం తప్పనిసరి.

3. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు వద్దు. మన ఓరుగల్లు ఎండల్లో పడమటి గోడ సాకెట్‌కు నీడ ఉండాలి.

4. అరగంట ఛార్జింగ్ తర్వాత ప్లగ్‌ను తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపేయండి.

పెట్రోలు కారే నయమా అన్నారు. స్వీడన్ ప్రభుత్వ సంస్థ 2022 లెక్కల్లో అగ్నిప్రమాదాల రేటు పెట్రోలు, డీజిలు కార్లలోనే చాలా ఎక్కువ. అయితే బ్యాటరీ మంట ఆర్పడం కష్టం, ఆరాక కూడా మళ్లీ అంటుకోవచ్చు. కారు అడుగున పొగ కనిపిస్తే మీరు ఆర్పబోకుండా, ఇంట్లోవాళ్లతో దూరంగా వెళ్లి 101కు ఫోన్ చేయండి.