అవిసె జిగురు ముఖానికి రాసుకోవచ్చా? మా అనంతపురం అనుభవం

కర్నూలు ఎండకు ముఖం పొడిబారి పొలుసులు లేస్తోందని, అవిసె గింజల జెల్ మంచిదా, సబ్జా జెల్ మంచిదా అని అడిగారు కదా అక్కా. మాది అనంతపురం. అమ్మా నేనూ ఏళ్లుగా అవిసె జిగురు వాడుతున్నాం. పనికొస్తుంది. కానీ అదొక్కటే రాసుకుంటే మన గాలికి చాలదు.

గింజ పైతొక్కులో ఉండే ఆ జిగురు నీటిని పట్టి ఉంచుతుంది, ముఖం మీద పల్చటి పొరలా ఆరుతుంది. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటిన వడగాలికి ఆ పొరలోని నీళ్లు ఇట్టే ఎగిరిపోతాయి, చర్మం పట్టేసినట్టవుతుంది. అందుకే ముఖం కడిగి, తుడవకుండా తడి మీదే రాయండి. పూర్తిగా ఆరకముందే రెండు చుక్కల కొబ్బరి నూనె అరచేతులకు రుద్దుకుని పైన అద్దండి. మొటిమలొచ్చే చర్మమైతే నూనె వద్దు, మీరు మామూలుగా వాడే మాయిశ్చరైజర్ చాలు.

చేయడం తేలికే. పావు కప్పు గింజలకు రెండు కప్పుల నీళ్లు పోసి సన్నమంట మీద కలుపుతూ ఉండండి. గరిటె ఎత్తితే కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగాలి, అప్పుడు దించేయాలి. వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి, చల్లారిందంటే గుడ్డలోంచి దిగనే దిగదు. సబ్జాతో ఇదే చిక్కు: నానితే చుట్టూ తెల్లగా ఉబ్బుతుంది గానీ ఆ జిగురు గింజను వదలదు. దాన్ని షర్బత్‌కే ఉంచండి.

నిల్వ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఇందులో చెడిపోకుండా ఆపే మందేమీ లేదు, బయట పెడితే మన ఎండలకు త్వరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా వారం లోపే వాడేయండి. వాసన మారినా, నీళ్లలా పల్చబడినా పారబోయాల్సిందే. మిగిలిందని ముఖానికి రాయకండి.

ముడతలు పోతాయి, మంగు తగ్గుతుంది అని వీడియోల్లో చెప్పేది నమ్మొద్దు. ఆరేటప్పుడు చర్మం బిగుసుకుంటుంది కాబట్టి ముడతలు తగ్గినట్టు కనిపిస్తుంది, కడిగితే మళ్లీ మామూలే.

అవిసెలు లేకపోతే మెంతుల జిగురు వాడొచ్చు. అయితే ఇంట్లో ఎవరికైనా శెనక్కాయలు (వేరుశనగ) పడకపోతే వాళ్లకు మెంతులు రాయకండి. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, ఒకటి పడనివాళ్లలో కొందరికి రెండోదీ పడదు. ఏదైనా సరే ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి, దురద గానీ ఎరుపు గానీ వస్తే ముఖం దాకా తీసుకెళ్లకండి.