నల్లమందు యుద్ధంలో పొగ ఓడలు: టగ్గు మీద పనిచేసినవాడి జవాబు

ప్రశ్న ఇది: “బ్రిటన్‌కూ చైనాకూ మధ్య జరిగిన మొదటి నల్లమందు యుద్ధంలో (1839–42) నెమెసిస్ అనే ఒక్క ఆవిరి ఓడే చైనాను ఓడించిందని చదివాను. నిజమేనా? తెరచాప ఓడలకు లేనిది దానిలో ఏముంది? ఈ కథతో మన తెలుగువాళ్లకు ఏమైనా సంబంధం ఉందా?”

మాది కాకినాడ. నాన్న యాంకరేజి రేవులో టగ్గు మీద సరంగు. నేను అదే టగ్గు ఇంజన్ గదిలో రెండేళ్లు చేసి, తర్వాత పెద్ద ఓడల మీద ఇంజనీరుగా వెళ్లాను. అందుకే ఈ ప్రశ్నకు ఇంజన్ గది వైపు నుంచి జవాబు రాస్తున్నాను.

కాకినాడ దగ్గర సముద్రం చాలా మెరక, అంటే లోతు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరంలో లంగరు వేసుకుని నిలబడేవి. సరుకంతా నావల మీదే వెళ్లాలి, రావాలి. నా చిన్నతనంలో చాలా నావలకు తెరచాపలే ఉండేవి. ఎదురుగాలి పడితే నావల వాళ్లు కాలువలోనే బీడీలు కాల్చుకుంటూ గంటలు గంటలు కూర్చునేవారు. ఇంతలో టగ్గు వచ్చి, నాలుగైదు నావలను ఒకదాని వెనక ఒకటి మోకుతో కట్టుకుని, గాలికి ఎదురుగా లాక్కుపోయేది. మా టగ్గు ఏ నావకన్నా పెద్దదేమీ కాదు. అయినా అది చెడిపోయిన రోజు రేవులో పని ఆగిపోయేది. నెమెసిస్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ టగ్గే.

అసలు కథ నెమెసిస్‌తో మొదలవలేదు. అంతకు పదిహేనేళ్ల ముందే బర్మాలో డయానా అనే చిన్న పొగ ఓడ ఈ పని చేసింది. 1823లో కలకత్తా పక్కన కిదర్‌పూర్‌లో దాన్ని కట్టి నీళ్లలోకి దించారు. మరుసటి ఏడాది బర్మాతో యుద్ధం వచ్చింది. యుద్ధనౌక లార్న్ కెప్టెన్ ఫ్రెడరిక్ మేరియట్ పట్టుబట్టడంతో బెంగాల్ ప్రభుత్వం డయానాను కొని ఐరావతి నదికి పంపింది. బర్మా వాళ్ల యుద్ధపు పడవలు మామూలువి కావు. పదుల మంది తెడ్లు వేసేవారు, తెరచాప ఓడలకు అవి దొరికేవే కావు. డయానా వాటికన్నా మరీ వేగంగా పోలేదు గానీ అలసిపోకుండా పోయింది. మనుషుల రెక్కలు గంటకో రెండు గంటలకో పడిపోతాయి, బాయిలర్‌లో నిప్పు ఉన్నంతసేపు ఓడ పక్కన నీటిని నెట్టే చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. వెంటపడి వెంటపడి, తెడ్లు వేసేవాళ్లు సొమ్మసిల్లాక పట్టుకునేది. మిగతా సమయమంతా ప్రవాహానికి ఎదురుగా సైనికుల ఓడలను లాగడమే దాని పని.

యుద్ధం 1826 ఫిబ్రవరిలో యాండబూ సంధితో ముగిసింది. అదే ఏడాది డయానా ఇంగ్లీషు రాయబారి జాన్ క్రాఫర్డ్ బృందాన్ని బర్మా రాజధాని ఆవా నగరానికి తీసుకెళ్లింది. తిరుగు ప్రయాణంలో నది నీరు తగ్గి, ఓడ ఇసుక మేట మీద దిగబడింది. ఆగిపోయిన ఆ రోజుల్లో వాళ్లు ఒడ్డున తిరిగి పూర్వకాలపు జంతువుల శిలాజ ఎముకలు ఏరారు. నాకు ఈ ముచ్చట చాలా ఇష్టం. మా టగ్గు కూడా ఒకసారి పాటు తీసినప్పుడు మేట మీద కూర్చుంది. మళ్లీ పోటు వచ్చేదాకా ఆరు గంటలు బురద వాసన పీలుస్తూ గడిపాం. శిలాజాలు కాదు కదా, ఒక్క పీత కూడా దొరకలేదు.

ఇక నెమెసిస్. దాన్ని ఇంగ్లండులో బిర్కెన్‌హెడ్ దగ్గర జాన్ లెయిర్డ్ కట్టించాడు, 1839లో నీళ్లలోకి దించారు. కట్టించుకున్నది రాణి గారి నౌకాదళం కాదు, ఈస్టిండియా కంపెనీ సీక్రెట్ కమిటీ. అందుకే దాని ప్రయాణం రహస్యంగా సాగింది. 1840లో పోర్ట్స్‌మత్ నుంచి బయల్దేరేటప్పుడు కాగితాల మీద ఒడెస్సా వెళ్తున్నట్టు రాశారు. కెప్టెన్ విలియం హచన్ హాల్. ఓడ పొడవు 184 అడుగులు, వెడల్పు 29 అడుగులు, ఇంజన్లు రెండు, ఒక్కోటి 60 హార్స్‌పవర్. ఈ లెక్కలన్నిటిలో నేను గట్టిగా పట్టుకునేది ఇంకొకటి ఉంది: అంత పొడవు ఓడ నీళ్లలో మునిగేది ఆరడుగుల లోపే. అడుగు చదునుగా ఉండటం వల్ల అది సాధ్యమైంది. లోతు సముద్రంలో గాలికి పక్కకు జారిపోకుండా, కావాలంటే కిందికి దించి మెరకలో పైకి లాక్కునే రెండు కీల్ పలకలు (ఓడ అడుగున నిలువుగా నిలిచేవి) పెట్టారు. ఒడ్డు పక్కన తిరగడానికి పుట్టిన ఓడ అది.

ఒళ్లంతా ఇనుము కావడం ఇంకో సంగతి. ఇనుముంటే దిక్సూచి తప్పు చూపిస్తుంది. అప్పటికి కొద్దికాలం కిందటే ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ దాన్ని సరిచేసే పద్ధతి కనిపెట్టి ఉండకపోతే ఇంత దూరం రావడం అసాధ్యం. లోపల నీరు ఒకచోట చేరితే ఇంకోచోటికి పోకుండా అడ్డుగోడలు కట్టి విడివిడి గదులు చేశారు. అయినా ప్రయాణం సుఖంగా సాగలేదు. గుడ్‌హోప్ అగ్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరం వెంట వస్తుండగా తుపాను పట్టుకుంది. మధ్యభాగంలో చక్రాల దగ్గర రెండు వైపులా ఇనుప రేకు పైనుంచి కిందికి చీలింది. అల తగిలినప్పుడల్లా చీలిక పెద్దదయ్యేది. పొడవాటి ఓడ రెండు అలల మధ్య ఎలా వంగుతుందో నేను బంగాళాఖాతంలో కళ్లారా చూశాను. కొత్త ఓడలో, లెక్కలన్నీ తెలిసినవాళ్లు కట్టిన దానిలోనే గుండె గుబేలుమంటుంది. ఇనుప ఓడ ఎంత బరువు ఓర్చుకుంటుందో ఎవరికీ అనుభవం లేని రోజుల్లో, ఆ చీలిక చూస్తూ రాత్రంతా నడిపినవాళ్ల టెన్షన్ నేను ఊహించగలను. డెలగోవా అఖాతంలో (ఇప్పటి మపుటో) ఆగి, దొరికిన కలపా ఇనుమూ బిగించి బాగుచేసుకుని, నవంబరు 25న మకావ్ చేరారు.

ఇంజన్ గది గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. ఆ రోజుల్లో ఓడ బాయిలర్‌కు మంచినీళ్లు కావు, సముద్రపు నీరే పట్టేవారు. నీరు మరిగేకొద్దీ ఉప్పు చేరి, బాయిలర్ గోడలకు పెంకులా గడ్డకట్టేది. గడ్డ మందమైతే కింద ఇనుము ఎర్రబడి కూలుతుంది. అందుకే కొన్ని గంటలకోసారి ఉప్పునీటిని బయటకు వదిలేసి కొత్త నీరు పట్టాలి, దానితో పాటు కాల్చిన బొగ్గు వేడీ పోతుంది. నేను ఒక ట్యాంకరు మీద ఉన్నప్పుడు ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే కండెన్సర్‌లో ట్యూబు ఒకటి చిట్లి, సముద్రపు నీరు కొద్దిగా బాయిలర్‌లోకి వచ్చింది. ఉప్పు మీటరు మోత వినగానే అందరం పరుగెత్తాం. బాయిలర్ ఆపి, చల్లార్చి, లోపలికి దూరి చూస్తే ఆ కాసేపటికే ట్యూబుల మీద తెల్లటి పొర కట్టి ఉంది. మాకు ప్రమాదమైనది వాళ్లకు రోజూ జరిగే పని. ఆవిరి ఓడ అంటే బొగ్గు నింపుకోవడానికి, బాయిలర్ గీకడానికి పదేపదే ఆగే ఓడ అని కూడా గుర్తుపెట్టుకోవాలి. లోతు సముద్రంలో నెమెసిస్ చాలాసార్లు తెరచాపల మీదే పోయింది.

అలాంటి ఓడ యుద్ధంలో ఏం చేసింది? దాని దగ్గర పెద్ద ఫిరంగులు 32 పౌన్ల గుండ్లు వేసేవి రెండే. అదే దళంలో కార్న్‌వాలిస్ అనే తెరచాప ఓడ మీద డెబ్బైకి పైగా ఉన్నాయి. పక్కల చక్రాలు ఉంటే ఫిరంగులకు చోటు చాలదు, చక్రానికి గుండు తగిలితే ఓడ కుంటిదవుతుంది. అందుకే నౌకాదళం పెద్దలు పొగ ఓడలను చాలాకాలం నమ్మలేదు. లోతు సముద్రంలో వాళ్ల అనుమానం సరైనదే. నది మొగలో లెక్క మారిపోతుంది.

1998లో మా ఓడ గ్వాంగ్‌జౌ దగ్గర హువాంగ్‌పు రేవులో వారం రోజులు ఆగినప్పుడు, సెలవు తీసుకుని హూమెన్ కోటలు చూసి వచ్చాను. పెర్ల్ నది సన్నబడే చోటు అది. వెయ్‌యువాన్ కోట మీదుగానే ఇప్పుడు పెద్ద వంతెన వేశారు. రాతి గోడ వెనక నిలబడి ఫిరంగి కన్నాల్లోంచి చూస్తే నదిలో ఒక ముక్క మాత్రమే కనిపిస్తుంది. ఆ కాలపు చైనా ఫిరంగులను పక్కలకు తిప్పడానికి వీలుండేది కాదు. గాలికీ పోటుకీ లోబడి నది మధ్యలో వచ్చే ఓడల కోసం కట్టిన కోటలు అవి. అలా వచ్చే ఓడలకు అవి చాలా గట్టి అడ్డమే. మెరకలోంచి పక్కగా వచ్చి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి, వెనక్కి కూడా పోగలిగే ఓడ వస్తుందని కట్టినవాళ్లకు ఎలా తెలుస్తుంది? వాళ్లను తెలివితక్కువవాళ్లని రాసే పుస్తకాలంటే నాకు కోపం.

1841 జనవరి 7న ఆ నది మొగలోని చుయెన్‌పీ దగ్గర జరిగింది అదే. సైనికులను కోటకు దూరంగా దించి, నేల మీదుగా వెనక నుంచి పంపారు. క్వీన్, నెమెసిస్ అనే రెండు పొగ ఓడలు కొండమీది కోటను కొట్టాయి. తర్వాత నెమెసిస్ మెరకలో నిలిచి ఉన్న జంక్ ఓడల (చైనా తెరచాప ఓడల) మీదికి పోయింది. అది వేసిన కాంగ్రీవ్ రాకెట్ ఒక జంక్ మందుగుండు గదికి తగిలి, ఓడంతా మనుషులతో సహా పేలిపోయింది. ఆ రాకెట్ పుట్టుక చూస్తే మనసు ఇంకోలా అవుతుంది. మైసూరు సైన్యం ఇంగ్లీషువాళ్ల మీద వేసిన రాకెట్లను చూసి నేర్చుకుని తయారుచేసినదే అది.

మార్చిలో ఇదే ఓడ మకావ్ నుంచి చిన్న కాలువల దారిన కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) వైపు మూడు రోజులు పోయి, దారిలో ఉన్న కోటలనూ పడవలనూ నాశనం చేసింది. పెద్ద ఓడ ఏదీ ఆ నీళ్లలోకి వెళ్లే ప్రశ్నే లేదు.

అయినా నా దృష్టిలో అసలు పని 1842 జూన్ 16న షాంఘై దగ్గర యాంగ్‌త్సీ నది మొగలోని ఊసుంగ్‌లో జరిగింది. యుద్ధనౌకలు ఒక్కోదాని పక్కన ఒక్కో పొగ ఓడను కట్టారు. కార్న్‌వాలిస్ పక్కన సెసోస్ట్రిస్, మోడెస్ట్ పక్కన నెమెసిస్. మా రేవులో బార్జీని పక్కకు కట్టుకుని నడిపేది ఇలాగే. బార్జీకి చుక్కాని పట్టకపోయినా టగ్గే దాన్ని కావలసిన చోట పెట్టేస్తుంది. డెబ్బై ఫిరంగుల ఓడను గాలి కోసం ఎదురుచూడకుండా కోట ఎదుట నిలబెట్టగలగడం, అదీ పొగ ఓడ చేసిన పని. ఆ తర్వాత 70కి పైగా ఓడలు యాంగ్‌త్సీ నదిలో 200 మైళ్లకు దగ్గరగా లోపలికి పోయాయి. ముందు సర్వే ఓడలు లోతు కొలుస్తూ పోతే, మేటల మీద కూర్చున్నవాటిని పొగ ఓడలు లాగేవి. జూలై 21న జెన్‌జియాంగ్ పడింది. దక్షిణం నుంచి బీజింగ్‌కు బియ్యం పోయే గ్రాండ్ కెనాల్ అక్కడే నదిని దాటుతుంది. ఆ దారి మూసుకుపోయాక ఆగస్టు 29న నాన్‌జింగ్ సంధి అయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఊసుంగ్‌లో ఇంగ్లీషువాళ్లకు చక్రాలున్న చైనా ఓడలు దొరికాయి. లోపల మనుషులే ఆ చక్రాలను తిప్పుతారు. చక్రాల పడవలు చైనాలో ఎన్నో వందల ఏళ్ల నాటి విద్యే. పొగ ఓడను చూసిన ఏడాదిన్నరలోనే ఆ పాత విద్యను బయటికి తీశారు. ఇంజన్ ఒక్కటే లేదు.

కాబట్టి ఒక్క నెమెసిస్ గెలిచిందనడం సరికాదు. యుద్ధం చివరికి అక్కడ ఫ్లెగెథాన్, ప్లూటో, ప్రోసర్పైన్, మెడూసా లాంటి కంపెనీ ఓడలు చాలా ఉన్నాయి. పైగా నేల మీద పొగ ఓడ చేయగలిగింది ఏమీ లేదు. ఇక్కడే మీ చివరి ప్రశ్న వస్తుంది. చుయెన్‌పీలో దిగినవాళ్లలో 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీ అనే సిపాయిల రెజిమెంటు ఉంది. మద్రాసు సైన్యంలో తమిళులు, ముస్లింలతో పాటు మన తెలుగువాళ్లూ పనిచేసేవారు. 1841 మే 30న కాంటన్ బయట సాన్‌యువాన్‌లీ దగ్గర ఆ రెజిమెంటులో ఒక చిన్న దళం కుంభవృష్టిలో మిగతావారి నుంచి తప్పిపోయింది. చెకుముకి రాయి తుపాకులు తడిసి పేలలేదు. చుట్టూ వేల మంది పల్లెటూరి జనం బల్లేలతో. చతురస్రంగా నిలబడి బాయినెట్లతో కాచుకున్నారు. వానలో కూడా పేలే కొత్త తుపాకులు ఉన్న మెరీన్లు (నౌకాదళ సైనికులు) వెతుక్కుంటూ వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. కొత్త తుపాకులు ఆ మెరీన్లకు, పాతవి మనవాళ్లకు. చైనాలో ఈ సంఘటనను ప్రజల ప్రతిఘటనగా గౌరవంగా చెప్పుకుంటారు, అది న్యాయమే. వాళ్ల ఊళ్ల మీదికి పోయింది మనవాళ్లు. నల్లమందు పండింది కూడా మన దేశపు పొలాల్లోనే. హూమెన్‌లో మ్యూజియం తిరుగుతున్నంతసేపూ ఈ రెండూ నన్ను వదల్లేదు.

ఫ్లెగెథాన్, ప్రోసర్పైన్ 1852లో రెండో బర్మా యుద్ధానికి వెళ్లాయి. ఆ యుద్ధంతో రంగూన్ ఇంగ్లీషువాళ్లదైంది. తర్వాత కోరంగి, కాకినాడ వైపు నుంచి జనం వేలకు వేలుగా కూలికి “రంగం” పోయారు. అక్కడివాళ్లు తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. మా ముత్తాత అలా పోయి రేవులో మూటలు మోశాడు. ఆయన్ని తీసుకెళ్లిన స్టీమరు కూడా మెరక వల్ల ఒడ్డుకు రాలేక దూరంగా నిలబడిందట. నావ ఎక్కి వెళ్లి దాన్ని అందుకున్నాడని నాన్న చెప్పేవాడు.