42 డిగ్రీల అనంతపురమా, 36 డిగ్రీల కాకినాడా?

మీరు అనంతపురంలో ఉంటున్నారు. బదిలీకి కాకినాడ, రామగుండం అని రెండు ఆప్షన్లు ఇచ్చారు. డెబ్బై దాటిన అమ్మానాన్నలు మీతోనే ఉంటారు. మే నెల మధ్యాహ్నం ఫోన్‌లో చూస్తే అనంతపురం 42, కాకినాడ 36, రామగుండం 44 చూపించింది. "ఎండ తక్కువ కాబట్టి కాకినాడే నయం కదా?" అని అడిగారు.

కాకినాడ వద్దని అనను. కానీ ఆ 36 చూసి మాత్రం తేల్చుకోకండి. 2014 ఏప్రిల్‌లో సరిగ్గా ఇదే లెక్క వేసుకుని నేను అనంతపురం నుంచి కాకినాడ వెళ్లాను. బ్యాంకు ఉద్యోగం, మూడు నాలుగేళ్లకోసారి పెట్టె సర్దుకోవాల్సిందే. అనంతపురం తర్వాత కాకినాడ, ఆ తర్వాత గోదావరిఖని, ఇప్పుడు హైదరాబాద్. సొంతూరు మాచర్ల దగ్గర పల్లె. ఎండాకాలం వస్తే పేపర్లో రోజూ కనిపించే రెంటచింతల మాకు పక్కనే. అందుకని ఎండ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదని కాస్త పొగరు కూడా ఉండేది.

అనంతపురంలో కొన్న కూలర్‌ని సామాన్లతో పాటు లారీలో ఎక్కించుకుని వెళ్లాం. అక్కడ మూడు ఎండాకాలాలు దాని ముందే హాయిగా పడుకున్నాం మరి. కాకినాడలో మొదటి రాత్రి రెండు బిందెల నీళ్లు పోసి ఆన్ చేశాను. అరగంట గడిచినా గది చల్లబడలేదు సరికదా, దుప్పటి చెమ్మగిల్లింది. గచ్చు మీద అడుగేస్తే అరికాలు అతుక్కుంటోంది. పొద్దున చూస్తే ముందురోజు పేపరు తడిగుడ్డలా వేలాడుతోంది, డబ్బాలో ఉప్పు ముద్దకట్టి కింద నీరు ఊరింది. వారం తిరక్కుండానే మా ఆవిడ ఆ కూలర్‌ని బాల్కనీలోకి నెట్టేసి దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టింది. అక్కడున్న నాలుగేళ్లూ అది బుట్ట స్టాండుగానే పనిచేసింది.

తప్పు కూలర్‌ది కాదు. కూలర్, మట్టికుండ, మన ఒంటి చెమట, మూడూ ఒకే పద్ధతిలో చల్లబరుస్తాయి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. గాలి పొడిగా ఉంటే ఆవిరి త్వరగా అవుతుంది. గాలిలో అప్పటికే ఆవిరి నిండుగా ఉంటే చెమట ఒంటి మీదే కారుతుంది తప్ప ఆరదు. అనంతపురంలో కుండనీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. అదే కుండ కాకినాడలో పెడితే నీళ్లు కుళాయి నీళ్లకంటే కాస్త నయం, అంతే.

మీరు చెప్పిన అంకెలకే తేమ కూడా కలిపి చూడండి. మే మధ్యాహ్నం అనంతపురంలో 42 డిగ్రీలకు తేమ 18 శాతం, కాకినాడలో 36 డిగ్రీలకు 62 శాతం ఉందనుకుందాం. రెండు చోట్లా మామూలుగా కనిపించే అంకెలే. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలిస్తే అనంతపురంలో అది 23 దాకా దిగుతుంది, కాకినాడలో 29, 30 మధ్యే ఆగిపోతుంది. కూలర్ ఎంత గొప్పదైనా ఆ అంకె కంటే కిందికి తీసుకెళ్లలేదు. ఒంటికి ఎంత వేడి అనిపిస్తుందో చెప్పే హీట్ ఇండెక్స్ ప్రకారం చూస్తే అనంతపురం ఆ 42 దగ్గరే ఉంటుంది, కాకినాడ 48, 49కి పోతుంది. గాలిలో ఉన్న అసలు నీటి ఆవిరి చూసుకుంటే కాకినాడలో దాదాపు రెండున్నర రెట్లు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడేది ఆ శాతంతో. తేమ శాతం అనేది ఆ వేడికి గాలి మోయగలిగిన ఆవిరిలో ఎంత వంతు ఉందో చెప్పే లెక్క. వేడి మారితే నీటి ఆవిరి మారకపోయినా శాతం మారిపోతుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో పొగమంచు కమ్మి తేమ నూటికి నూరు ఉంటుంది. అక్కడ ఎవరికైనా ఉక్కపోస్తుందా? ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరట. అంచేత పొద్దున ఎనిమిదిన్నర గంటల తేమ శాతాన్ని ఒక ఊరికి, సాయంత్రం ఐదున్నర గంటల శాతాన్ని ఇంకో ఊరికి పక్కపక్కన పెట్టి పోల్చకండి. ఫోన్‌లో డ్యూ పాయింట్ అని ఒకటి చూపిస్తుంది, అది చూడండి. గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీటిబొట్లు కడుతుందో చెప్పే అంకె అది. నా ఒంటి లెక్క ఇది: 18 లోపు ఉంటే హాయి, 22 దాటితే చొక్కా వీపుకి అంటుకోవడం మొదలు, 25 దాటితే ఉక్కపోత, 27 అంటే స్నానం చేసి తువ్వాలుతో తుడుచుకుంటుండగానే మళ్లీ చెమట. పైన చెప్పిన అంకెలకు అనంతపురంలో డ్యూ పాయింట్ 13 దగ్గర, కాకినాడలో 27 దగ్గర వస్తుంది.

అలాగని అనంతపురం ఎండని తేలిగ్గా తీసుకోమని కాదు. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టినది పట్టినట్టే ఆరిపోతుంది. సాయంత్రం చొక్కా విప్పితే వీపు మీద ఉప్పు చారలు కనిపిస్తే తప్ప ఒంట్లోంచి ఎన్ని నీళ్లు పోయాయో అర్థం కాదు. పెదాలు పగలడం, ముక్కులోంచి రక్తం రావడం నాకు అక్కడే అనుభవం. కానీ పొద్దు గూకాక మిద్దె మీద నాలుగు చెంబుల నీళ్లు చల్లి చాప వేసుకుంటే రెండు గంటలకల్లా దుప్పటి కప్పుకోవాల్సి వచ్చేది. అసలు తేడా ఈ రాత్రుల దగ్గరే ఉంది. మీ అమ్మానాన్నల విషయంలో నేను మొదట చూసేది కూడా రాత్రి ఉష్ణోగ్రతే.

ఎందుకంటారా? 2015 మే చివరి వారం. ఆ ఏడాది వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్క. మా అమ్మని గడప దాటనివ్వలేదు. కిటికీలకు తడి దుప్పట్లు కట్టాం. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు అడక్కుండానే ఇస్తున్నాం. ఒక రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది. గాలి స్తంభించిపోయింది, కొబ్బరాకు కూడా కదల్లేదు. గదిలో గోడ గడియారం కింద ఉన్న చిన్న థర్మామీటరు 34 చూపిస్తోంది. పన్నెండింటికి అమ్మ పిక్కలు పట్టేస్తున్నాయంది. తర్వాత వాంతి. ఆ తర్వాత నన్ను మా చిన్నాన్న పేరు పెట్టి పిలిచింది. అప్పుడు భయం వేసింది.

వీధి చివర డాక్టరు గారిని లేపాం. సెలైన్ పెడుతూ ఆయన వడదెబ్బ అన్నారు. "ఎండలోకే వెళ్లలేదండీ" అన్నాను. "వేడి చాలండీ, ఎండ అక్కర్లేదు" అని, అమ్మ వేసుకునే బీపీ మాత్రల పట్టీ అడిగి తీసుకుని చూశారు. వాటిలో ఒకటి ఒంట్లో నీరు బయటికి పంపే రకం. చెమటలో సగం, మాత్రతో సగం, లోపల నీళ్లు ఖాళీ అయిపోయాయన్నమాట. తెల్లారేసరికి తేరుకుంది కానీ, పగలంతా దాటించి రాత్రి గండం పడటం నేను ఊహించలేదు. అనంతపురంలో కరెంటు పోతే మిద్దె ఎక్కేవాళ్లం. కాకినాడలో మే రాత్రి 29, 30 కంటే దిగని రోజుల్లో డాబా మీద కూడా అదే ఉక్క. పైగా దోమలు.

మీ అమ్మానాన్నల మాత్రల సంగతి కూడా ఎండాకాలం రాకముందే మీ డాక్టరుని అడగండి. మీరుగా ఆపేయకండి, తగ్గించకండి.

కాకినాడ గురించి ఇంకో సంగతి ఉంది, ఫోన్ చూసి తెలుసుకునేది కాదు. అక్కడ ఎండాకాలమంతా రెండు గాలుల మధ్య పోటీ. మధ్యాహ్నానికి సముద్రం మీంచి తూర్పు గాలి అందుకుంటే ఎండ 35, 36 దగ్గర ఆగుతుంది, ఉక్కపోత మాత్రం ఉంటుంది. పడమటి గాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వకపోతే అదే ఊళ్లో 43, 44 అవుతుంది. మా ఇంటి ఓనరు గారు పొద్దున పాల ప్యాకెట్ తీసుకుంటూనే కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూసి, "ఇవాళ పడమర గాలండీ, పన్నెండు లోపు పనులు చక్కబెట్టేసుకోండి" అనేవారు. నాలుగేళ్లలో ఆయన తప్పు చెప్పింది నాకు గుర్తులేదు. మే నెలలో బంగాళాఖాతంలో తుఫాను పుట్టి మన వైపు రాకుండా మయన్మార్ దిక్కుగా పోతే మరీ కష్టం. పోతూ పోతూ తేమనంతా లాగేసుకుంటుంది, దాని వెనకే వాయవ్యం నుంచి పొడి వేడిగాలి తీరం దాకా వచ్చేస్తుంది. 2003లో అలాగే జరిగింది, 2023లో మోచా తుఫాను అప్పుడూ అంతే. వాతావరణ శాఖ కూడా వడగాడ్పు లెక్కలో మైదానాలకు 40 డిగ్రీలు, తీరానికి 37 అని వేరుగా గీత గీసుకుంది. ఆ గీత దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటుంది. తీరంలో 37 అంటే ఎంతో వాళ్లకి తెలుసు.

ఇక రామగుండం. నేను ఉన్నది పక్కనే గోదావరిఖనిలో. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులు, మట్టిగుట్టలు, థర్మల్ కేంద్రం, రాతినేల. మేలో 44, 45 అంటే అక్కడెవరూ తల తిప్పి కూడా చూడరు. మధ్యాహ్నం బండి మీద వెళ్తే పొయ్యి మూత తీసినట్టు మొహానికి కొడుతుంది. రాత్రులు అనంతపురం అంత చల్లబడవు, ఆ నేల, ఆ గోడలు పగలు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటాయి. అయినా గాలి పొడి కాబట్టి కూలర్ పనిచేస్తుంది. మే చివరిదాకా మాకు అదే ఆధారం. చిక్కల్లా రోహిణి కార్తె చివర్లో, వాన పడీ పడని ఆ పది పదిహేను రోజులు. ఎండ 41, 42 ఉండగానే మబ్బులు పట్టి తేమ వచ్చి చేరుతుంది. "ఉడ్కపోస్తుంది సార్" అని మా ఆఫీసులో అందరి నోటా అదే మాట. ఆ రోజుల్లో కూలర్ కూడా చేతులెత్తేస్తుంది. మృగశిర వచ్చి రెండు వానలు పడితే మాత్రం ఇట్టే చల్లబడుతుంది. చలికాలం గట్టిదే, ఆదిలాబాద్ అంత కాకపోయినా డిసెంబరులో స్వెటర్ లేకుండా పొద్దున బయటికి రాలేం. మీ నాన్నగారికి ఆయాసం ఉంటే మటుకు అక్కడి బొగ్గు దుమ్ము గురించి కూడా ఆలోచించండి.

కాకినాడలో ఇంకోలా ఉంటుంది. మే తర్వాత వేడి తగ్గినా ఉక్కపోత అంత త్వరగా వదలదు, సెప్టెంబరు, అక్టోబరు దాకా అడపాదడపా సాగుతూనే ఉంటుంది. చెమటకాయలు, మెడ దగ్గర తామర మా ఇంట్లో అందరికీ వచ్చాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రం ఆ ఊరంత సుఖం ఇంకెక్కడా లేదు, అది ఒప్పుకోవాలి.

కింద కామెంట్లలో ఎవరో విజయవాడ గురించి కూడా అడిగారు. ఉక్కపోత తీరానిది, ఎండ పల్నాడుది, చుట్టూ రాతి కొండలు, మధ్యలో కాంక్రీటు. బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తు పుణ్యమా అని వీటన్నిటికంటే నయం. బేగంపేటలో ఇప్పటిదాకా అత్యధికం 1966 జూన్‌లో వచ్చిన 45.5. చలిలో మాత్రం నగరం అంతా ఒకటి కాదు, జనవరి పొద్దున పటాన్‌చెరు వైపు బేగంపేట కంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువ ఉండటం మామూలే.

పేపర్లో "ఫలానా మండలంలో 47" అని వస్తే అది ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వ ఆటోమేటిక్ స్టేషన్ అంకె. పక్క ఊరిది వాతావరణ శాఖ అబ్జర్వేటరీ అంకె అయి ఉండవచ్చు. రెండూ కలిపి ఏ ఊరు ఎక్కువ, ఏ ఊరు తక్కువ అని వాదించుకోవడం నాకైతే అనవసరం అనిపిస్తుంది.

మీ స్థానంలో ఉంటే నేనేం చేస్తానంటే: పెద్దవాళ్లు పడుకునే గదికి ఏసీ పెట్టించే స్తోమత, కరెంటు పోతే దాన్ని నడిపే జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్ దొరికితే కాకినాడ. మామూలు ఇన్వర్టర్ ఫ్యాను వరకే, ఏసీని లాగదు. ఏసీ కూడా రాత్రంతా 18లో పెట్టక్కర్లేదు, 27లో పెట్టినా గాలిలో తేమ లాగేస్తుంది కాబట్టి నిద్ర పడుతుంది. ఉక్క మాత్రమే ఉండి వేడి అంతగా లేని వానాకాలం రాత్రుల్లో డ్రై మోడ్ చాలు, బిల్లు కూడా తగ్గుతుంది. ఇల్లు చూసేటప్పుడు పై అంతస్తు వద్దు, తూర్పు వైపు కిటికీ ఉండాలి, దాని ఎదురుగా ఇంకో భవనం అడ్డం ఉండకూడదు. ఏసీ కుదరదు, పాత పెంకుటిల్లో, డాబా ఇల్లో చూసుకుంటాం అంటే రామగుండమే మేలు. కిటికీకి వట్టివేళ్ల తెర కట్టి తడుపుకోండి, పదకొండు నుంచి ఐదు దాకా అమ్మానాన్నల్ని బయటికి రానివ్వకండి, జూన్ మొదటి రెండు వారాలు వాళ్లని వీలైతే మదనపల్లె వైపు చుట్టాలింటికి పంపండి.

కాకినాడ ఖాయమైతే మాత్రం మీ కూలర్‌ని అనంతపురంలోనే అమ్మేసి రండి. లారీలో దాని చోటు వేరే సామానుకి పనికొస్తుంది.