అక్క పిల్లల కోసం ఎవరిని అడగాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఉద్దానంలో ఒక పల్లె. మా బావ కిడ్నీ జబ్బుతో నిరుడు చనిపోయాడు. అక్క పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తుంది. మేనకోడలు ఏడో తరగతితో బడి మానేసి తమ్ముణ్ణి చూసుకుంటోంది. వాడికి నాలుగేళ్లు, ఇంకా మాటలు రాలేదు. గ్రామ సచివాలయంలో అడిగితే అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ వాళ్లను కలవమన్నారు. వాళ్లు బడికి వెళ్లమన్నారు. బడిలో ఆసుపత్రి సంగతి మాకు తెలీదన్నారు. కూలి మానుకుని ఎన్నిచోట్లకు తిరగాలి?
– ఒక మేనమామ, శ్రీకాకుళం జిల్లా

జవాబు: తమ్ముడూ, ఈ జిల్లాలోనే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీ ఇల్లు నాకు తెలియకపోయినా అలాంటి ఇళ్లు తెలుసు. బాబు పేరు అంగన్‌వాడీ రిజిస్టర్లో ఉంటుంది. పాప పేరు బడి రిజిస్టర్లో కొట్టేసి ఉంటుంది. మీ బావ కిడ్నీ జబ్బు సంగతి ఆశా కార్యకర్త పుస్తకంలో ఉంటుంది. మూడూ ఒకే గుమ్మానివి. వాటిని పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఆ ఉద్యోగులే గానీ మీరు కాదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ముందు బాబు సంగతి చూడండి, ఎందుకంటే పాప బడి మానింది వాడి కోసమే. వాణ్ణి రోజూ అంగన్‌వాడీకి పంపండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందం అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూడాలి. వాళ్లు వచ్చేదాకా ఆగకుండా ఊరి నర్సు ఏఎన్ఎంతో జిల్లా డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే కేంద్రానికి, రిఫర్ చేయించుకోండి. ఖర్చుండదు. మొదట చెవి పరీక్ష అడగండి. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయిలే’ అని ఎవరన్నా వినొద్దు, నాలుగేళ్లంటే ఇప్పటికే ఆలస్యమైంది.

పాపను ఎనిమిదిలో చేర్చుకోవాల్సిందే. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం 2009 విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. కస్తూర్బా విద్యాలయంలో హాస్టల్‌తో సహా ఉచితమే. అయితే తండ్రి పోయి ఏడాదైన పిల్లను ఇంటికి దూరం చేసేముందు తన మనసులో ఏముందో అడగండి. తమ్ముడు అంగన్‌వాడీలో కుదురుకుంటే ఇంటి దగ్గర బడే మేలని నా అభిప్రాయం.

డబ్బు విషయానికొస్తే, పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ (నెలనెలా డబ్బు సాయం) ఉంది. తల్లి వితంతువై, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.72,000 మించకపోతే ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000 అడగొచ్చు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు వెళ్లాలి. పాప బడికి సరిగా వెళ్తేనే ఆ సాయం నిలుస్తుంది, అందుకే ముందు బడి. వెంటనే మంజూరవుతుందని మాత్రం చెప్పలేను. రూ.4,000 వితంతు పెన్షన్ వస్తోందో లేదో మీరు రాయలేదు. జీడిపిక్కల రసానికి మీ అక్క వేళ్లు కాలిపోయి ఉంటాయి. వేలిముద్ర పడలేదని ఎవరైనా వెనక్కి పంపితే, కంటిపాపతో తీసుకోమని గట్టిగా అడగమనండి.

ఇక తిరుగుడు తప్పాలంటే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అన్ని శాఖల అధికారులూ అక్కడే ఉంటారు. మూడు అర్జీలు వద్దు, ఒక్కటే రాయండి. బాబు పరీక్ష, పాప చదువు, స్పాన్సర్‌షిప్ మూడూ అందులోనే పెట్టి, ఐసీడీఎస్, విద్య, వైద్య శాఖల వాళ్లు ముగ్గురూ కలిసి ఇంటికొచ్చి చూడాలని కోరండి. మీ బావ మరణ ధ్రువపత్రం, అందరి ఆధార్ నకళ్లు జతచేయండి. రసీదు నంబరు తీసుకోకుండా హాలు దాటొద్దు. నెల గడిచినా కదలకపోతే బాలల సంక్షేమ సమితికి రాయండి. 2015 బాలల న్యాయ చట్టం ఆ సమితికి మేజిస్ట్రేట్ అధికారాలిచ్చింది. పిల్లలకు అత్యవసరమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అర్జీకి మీరొక్కరే వెళ్తే చాలు, అక్క కూలి పోగొట్టుకోనక్కర్లేదు. డీఈఐసీకి మాత్రం తనే బాబును తీసుకెళ్లాలి. ఎప్పుడు నడిచాడు, వెనకనుంచి పిలిస్తే తిరిగి చూస్తాడా అని అక్కడ అడుగుతారు.